వర్ధన్నపేట లైనూ, కొమురమ్మ బర్రే

మా పై వాటాలో శ్రావణి అనే అమ్మాయి అద్దెకుంటుంది. ఊళ్ళలోవాళ్ళు దవాఖానకు రాకముందే చీటీ రాయించుకునే యాప్ ఒకటి వాళ్ళ కంపెనీది. అది చెడిపోకుండా చూడటం ఆమె పని. పోయిన నెలలో ఒకరోజు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మా మెట్ల మీద తల పట్టుకు కూర్చుంది.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

"యాప్ కనెక్ట్ అయితలేదు తాతా. సర్వర్ అందుతలేదని వస్తాందట. ఊర్లల్లకెల్లి ఒకటే ఫోన్లు. నా ఫోన్ల మాత్రం మంచిగనే వస్తాంది."

"ఎప్పటి సంది?"

"సోమవారం సంది."

"సోమవారం ఏమన్న మార్చినవా?"

"ఏం మార్చలే తాతా. ఎవ్వరు ఏం ముట్టుకోలే."

నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్లకు కోపం వచ్చింది. రావాల్సిందే మరి, ఉద్యోగం మీదికి వచ్చినప్పుడు ముసలాడు పళ్ళికిలిస్తే ఎవరికైనా వస్తుంది. సర్వరంటే ఏమిటో నాకు చెప్పడానికి ఆమెకు అరగంట పట్టింది. నాకు అర్థమైంది ఇంతే: ఈ చివర ఒకడు హలో అంటున్నాడు, ఆ చివర ఎవడూ పలకడం లేదు. ఆ రోగానికి నేను వరంగల్ జిల్లాలో ముప్పై ఏళ్ళు వైద్యం చేశాను. అందుకని శ్రావణికీ, ఆమెలాగా మెట్ల మీద తల పట్టుకు కూర్చునే వాళ్ళకూ ఇది రాస్తున్నాను.

మా పని

డెబ్బైల మొదట్లో నేను టెలిఫోన్ మెకానిక్‌గా చేరాను. నా ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. రాసేన్ని లేవు కూడా. ఒక సైకిలు, భుజాన ఒక తోలు సంచి, అందులో కటింగ్ ప్లేయరు, తీగ చుట్ట, పరీక్ష చేసే ఫోను. లైను చచ్చిందని కబురు రాగానే సంచి తగిలించుకుని పోవాలి. స్తంభం ఎక్కడం నెలలో వస్తుంది. మనుషులు చెప్పేదాంట్లో నిజమేదో పట్టుకోవడం రిటైరయ్యేదాకా పూర్తిగా రాలేదు.

ధర్మసాగర్‌లో ఒక లైను రోజూ మధ్యాహ్నం పడిపోయేది. పోయి చూస్తే, కిందికి వేలాడిన తీగ మీద నాలుగు తడి చీరలు ఆరేసి ఉన్నాయి. ఇంటావిడ నా మొహం మీదే, "మేం ఏం ముట్టుకోలేదు సారూ" అంది. పైన చీరలు ఎగురుతూనే ఉన్నాయి. ఏటూరునాగారం లైను మీద కోతులు ఊగేవి. అవి మాత్రం అబద్ధం చెప్పేవి కావు.

ముప్పై ఏళ్ళలో నేను ఎక్కువసార్లు విన్న మాట "ఎవరూ ఏమీ ముట్టుకోలేదు" అన్నదే. నా అనుభవంలో అది ఒక్కసారి కూడా నిజం కాలేదు. ఆ మాట నేను కూడా ఒకసారి అన్నాను. ఆ కథే ఇది.

బర్రెను విప్పించడం

అప్పటికి నేను ట్రైనింగ్ నుంచి కొత్తగా వచ్చాను. తల నిండా పాఠాలు, జేబులో సర్టిఫికెట్. నాతో పనిచేసే లైన్‌మన్ యాకూబ్ భాయ్ నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆయనకు సర్టిఫికెట్ లేదు. మలేరియా వచ్చి ఆయన నెల సెలవు పెట్టడంతో వర్ధన్నపేట లైను నా ఒక్కడి చేతికి వచ్చింది.

వర్ధన్నపేట మొత్తానికి అప్పుడు జనం వాడుకునే ఫోను ఒక్కటే, పోస్టాఫీసులో. దానికీ వరంగల్ ఎక్స్ఛేంజికీ మధ్య తీగ కూడా ఒక్కటే. రెండో తీగ వేయడానికి సర్కారుకు చేతులు రాక, దాని పనిని భూమికి అప్పగించారు. అటు ఒక ఇనుప కడ్డీ, ఇటు ఒక ఇనుప కడ్డీ భూమిలో దిగేసి ఉండేవి. మాట తీగ మీద పోయి మట్టిలోంచి తిరిగొచ్చేది. మట్టి తడిగా ఉంటేనే వచ్చేది. అందుకని ఎండాకాలం రోజూ ఆ కడ్డీ మొదట్లో ఒక బిందె నీళ్ళు పోయాలి. ఇది ట్రైనింగులో మొదటి వారం చెబుతారు. మొదటి వారం చెప్పింది ఎవరికి గుర్తుంటుంది?

నేను మొదటిసారి పోయేసరికి పోస్టాఫీసు వెనక ఆ కడ్డీకి ఒక బర్రె కట్టేసి ఉంది. సర్కారీ కడ్డీకి బర్రె. కింద పేడ, మూత్రం, చిత్తడి, ఈగలు. నాకు తల కొట్టేసినట్టయింది. పోస్టుమాస్టరు రంగారావు గారిని పిలిచి ఈ బర్రె ఎవరిదని అడిగాను.

"వెనకింటి కొమురమ్మది. ఇంట్ల జాగ లేదంటే ఈడ కట్టుకొమ్మన్న. పొద్దున పూట చాయకు ఇన్ని పాలు పోస్తది" అన్నారాయన.

కొమురమ్మ పరుగున వచ్చింది. పాతికేళ్ళుంటాయి. మొగుడు ఐలయ్య భివండీలో మగ్గాల మీద పనిచేస్తాడు. ఏడాదిగా ఊరికి రాలేదు.

"ఏడేండ్ల సంది మా అత్త గీడనే కట్టింది సారూ, ఇప్పుడు నేను కడ్తాన. దీనితోని మీకేం తక్లీబయ్యింది?" అంది.

నేను ఆమెకు ప్రభుత్వ ఆస్తి అంటే ఏమిటో ఉపన్యాసం ఇచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. బర్రెను విప్పించి, పేడ ఎత్తించి, కడ్డీ చుట్టూ రాళ్ళు పెట్టించి సున్నం కొట్టించాను. కొమురమ్మ ఆ బర్రెను తోలుకుపోయి తన ఇంటి ముందు సందులో కట్టుకుంది. ఆ మర్నాటి నుంచి రంగారావు గారు నల్లచాయ తాగారు. నేను పోయినప్పుడల్లా ఆ గ్లాసు పట్టుకుని నన్ను చూసేవారు, అంతే.

వారంలో మా జూనియర్ ఇంజనీరు, జేఈ గారు, తనిఖీకి వచ్చారు. ఆయన మంచివారే కానీ, కంటికి కనిపించేదే ఆయనకు పని. సున్నపు రాళ్ళు చూసి మురిసిపోయి, శుభ్రత పాటించినందుకు నన్ను మెచ్చుకుంటూ కాగితం పంపించారు. నా ఉద్యోగంలో వచ్చిన మొదటి మెచ్చుకోలు అదే.

రెండు శుక్రవారాలు

ఐలయ్యకు చదువు రాదు. జాబులు రాసిపెట్టే స్నేహితుడు వేరే ఊరికి పోవడంతో రెండు నెలలు ఇంటికి జాబు లేదు. ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా? అక్కడ ఇంకో సంసారం పెట్టాడన్నారు. చివరికి అతను శుక్రవారం మగ్గాలకు సెలవు కాబట్టి ఆ మధ్యాహ్నం ట్రంక్ కాల్ బుక్ చేయడం మొదలుపెట్టాడు, కొమురమ్మను పిలిపించమని.

మొదటి శుక్రవారం గంట దగ్గినట్టు మోగింది. కొమురమ్మ ఫోను అందుకుంది. "హలో, కొము..." అని ఒక్క ముక్క వచ్చి, ఆ తర్వాత గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె ట్రంక్ కాల్ మూడు నిమిషాలూ చెవికి ఆనించుకుని "ఇనవడ్తలేదు, ఇనవడ్తలేదు" అంటూనే ఉందట.

కబురు రాగానే పోయాను. ఫోను పెట్టెలో బ్యాటరీలు మార్చాను. లైను పరీక్ష చేయడానికి ఊరి చేతి బోరింగు పక్కన ఉన్న స్తంభం ఎక్కి, నా ఫోను తీగకు తగిలించి, కడ్డీకి బదులుండే దాని ఎర్త్ మేకును కింద బురదలో గుచ్చాను. వేరే చోట నేల గట్టిగా ఉండి మేకు వంగుతోంది మరి. అటు వరంగల్ ఆపరేటరు "మంచిగ ఇనవడ్తాంది సదానందం" అన్నాడు. లైను బాగుందని రాసి వచ్చేశాను.

రెండో శుక్రవారం ఆ ఒక్క ముక్క కూడా రాలేదు. ఈసారి కొమురమ్మ అన్న మల్లేశం కూడా అక్కడే ఉన్నాడు. తూకం వేసినట్టు మాట్లాడే మనిషి.

"వాడు ఫోన్ సేత్తలేడు, సేసినట్టు నాటకం ఆడ్తాండు" అన్నాడు చెల్లెలితో. "వచ్చే శుక్రారం దాక సూత్త. అప్పుడు గూడ మాట్లాడకపోతే బట్టలు సదురుకో. ఇంటికి పోదాం. వాని సంగతి పంచాయితీల తేల్తది."

ఆమె నా వైపు తిరిగింది. "సారూ, ఫోన్ ఖరాబైందా, నా పెనిమిటి ఖరాబైండా? మీరే చెప్పుండ్రి" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నాకు సిగ్గేసింది. సిగ్గుతో లైను బాగవుతుందా? ఫోను మొత్తం మార్చాను. వరంగల్ నుంచి వర్ధన్నపేట దాకా ఒక్కో స్తంభమూ ఎక్కి తీగ కట్టే పింగాణీ కప్పులు తుడిచాను. మోకాళ్ళు దోక్కుపోయాయి. మళ్ళీ బోరింగు దగ్గర పరీక్ష చేశాను. మళ్ళీ అదే మాట, "మంచిగ ఇనవడ్తాంది."

తడి ఉన్నచోట నిలబడి పరీక్ష చేసి, ఎండినచోట కూర్చున్నవాడికి బాగుందని చెప్పకూడదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. పైగా పోస్టాఫీసు రిజిస్టరులో రోజూ 'నీళ్ళు పోయబడినవి' అని రంగారావు గారి అందమైన దస్తూరీ ఉంది. నేను కడ్డీని చూడలేదు, దస్తూరీని చూశాను.

యాకూబ్ భాయ్ అడిగిన ప్రశ్న

మూడో శుక్రవారం పొద్దున యాకూబ్ భాయ్ సెలవు నుంచి వచ్చాడు. సగం మనిషయ్యాడు కానీ నోరు మాత్రం అలాగే ఉంది. ఇద్దరం వర్ధన్నపేట బస్సెక్కాం. దారిలో నేను చేసినవన్నీ వరసగా చెప్పాను. ఆయన బీడీ కాల్చుకుంటూ విన్నాడు.

"తమ్మీ, లైను చెడిపోకముందు నువ్వు ఏం మార్సినవ్?"

"ఏం మార్చలే భాయ్. ఎవ్వరు ఏం ముట్టుకోలే."

మేం చేరేసరికి పోస్టాఫీసు అరుగు మీద కొమురమ్మ రేకు పెట్టె ఉంది, తాళం వేసి. పక్కన మల్లేశం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం బస్సుకు పోవడానికి అంతా తయారు. మేం వెనక్కి పోయాం. యాకూబ్ భాయ్ ఆగిపోయాడు.

"గీ సున్నపు రాళ్ళు ఏడికెల్లి వచ్చినయ్?"

"నేనే పెట్టించిన."

"గీడ బర్రె ఉండాలె గద?"

"విప్పించిన."

"మరి ఏం మార్సలే అంటివి."

ఆయన వంగి కడ్డీ మొదట్లో నేలను బొటనవేలితో నొక్కాడు. దిగలేదు. రాయి తీసుకుని కొడితే ఖణేల్‌మంది. లోపలికి పోయి రంగారావు గారి ముందు నిలబడ్డాడు.

"సార్, కోపం చెయ్యకుండ్రి. మీరు ఆ కడ్డీకి నీళ్ళు ఎన్నడన్న పోసిండ్రా?"

రంగారావు గారు నల్లచాయ గ్లాసు కింద పెట్టారు. "నేనెందుకు పోస్త యాకూబ్? ఏడేండ్ల సంది బర్రె పోస్తనే ఉండె గద" అన్నారు.

యాకూబ్ భాయ్ నా వైపు తిరిగాడు. "సమజైందా తమ్మీ? ఏడేండ్లు ఈ లైను నడిపింది సర్కారు కాదు, నువ్వు కాదు, నేను కాదు. బర్రె ఉచ్చ. దాన్ని నువ్వు డ్యూటీకెల్లి తీసేసినవ్."

నాకు భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఆ ఎండిన భూమి అంత తేలిగ్గా బద్దలయ్యేది కూడా కాదు.

బోరింగు దగ్గర

కాల్ రావడానికి గంట ఉంది. కడ్డీ చుట్టూ గడ్డపారతో తవ్వి, ఉప్పు కలిపి, నాలుగైదు బిందెల నీళ్ళు పోస్తే పని నడుస్తుందన్నాడు యాకూబ్ భాయ్. రెండు బిందెలు తీసుకుని బోరింగు దగ్గరికి పరిగెత్తాను. అక్కడ బిందెల వరస వీధి మలుపు దాకా ఉంది. ఎండాకాలం బోరింగు, నాలుగు దెబ్బలు కొడితే గుక్కెడు నీళ్ళు. వరస తప్పించి ముందుకు పోబోయాను. సాయవ్వ అని ఒక ముసలావిడ చేయి అడ్డం పెట్టింది.

"ఎవలికి నీళ్ళు?"

"టెలిఫోన్ ఎర్తుకు" అన్నాను.

"అంటే?"

"భూమిలో ఒక ఇనుప కడ్డీ ఉంటుందమ్మా, దానికి."

"మనుషులకే నీళ్ళు లెవ్వు, ఇనుప కట్టెకు పోత్తవా కొడుకా? దానికేమన్న దూపైతాందా?"

వరసంతా నవ్వింది. ప్రభుత్వ పని అన్నాను. ప్రభుత్వాన్ని వచ్చి వరసలో నిలబడమన్నారు. సర్టిఫికెట్ జేబులోనే ఉంది, తీసి చూపించినా ఎవరూ జరిగేలా లేరు. ఇంక దాచి లాభం లేదనుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. కొమురమ్మ బర్రెను విప్పించింది నేనేననీ, అందుకే ఫోను చెడిందనీ, ఐలయ్య రెండు వారాల నుంచి చేస్తూనే ఉన్నాడనీ, తప్పు అతనిది కాదు నాదనీ చెప్పాను.

సాయవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "గీ మాట ముందుగాల జెప్పకపోతివి. ఆ పిల్ల రెండు నెలల సంది కంటికి కునుకు లేకుంట ఉన్నది, నువ్వు సున్నం ఏసుకుంట కూసున్నవా" అని, నిండిన తన బిందె ఎత్తి నడుం మీద పెట్టుకుంది. "పా. యాడ పొయ్యాలె?"

ఆమె వెనకే మరో నలుగురు కదిలారు. వాళ్ళ వెనక, వింత చూడటానికి, మిగతా వరసంతా కదిలింది. సున్నపు రాళ్ళను యాకూబ్ భాయ్ కాలితో పక్కకు నెట్టాడు. నేను తవ్వాను, రంగారావు గారు ఇంట్లోంచి ఉప్పు తెచ్చారు, ఆడవాళ్ళు పోశారు. ఒక్కో బిందెకూ నాకొక తిట్టు పడింది. అన్నీ న్యాయమైనవే.

ఇంతలో కొమురమ్మ, సంగతి తెలిసి, బర్రెను తోలుకొచ్చి పాతచోటే కట్టింది. అందరూ దాని చుట్టూ నిలబడి చూశారు. అది నెమరు వేస్తూ మమ్మల్ని చూసింది. ఏమీ చేయలేదు.

"గింతమంది సూత్తాంటే దానికి సిగ్గుండదా?" అంది సాయవ్వ. అందరూ మొహాలు తిప్పుకున్నారు. జేబులో సర్టిఫికెట్ పెట్టుకుని నేను కూడా తిప్పుకున్నాను.

సరిగ్గా అప్పుడు లోపల గంట మోగింది. దగ్గలేదు, గణగణ మోగింది. కొమురమ్మ లోపలికి ఉరికింది. మా వెనక ధార పడిన చప్పుడైంది.

"జాయినైంది డ్యూటీల" అన్నాడు యాకూబ్ భాయ్.

ఆ కాల్

కిటికీ అవతల సగం వర్ధన్నపేట చెవులొగ్గి నిలబడింది. కొమురమ్మ రెండు చేతులతో ఫోను పట్టుకుంది.

"ఇనవడ్తాంది" అంది. "మంచిగ ఇనవడ్తాంది."

ఆ తర్వాత ఒక నిమిషం ఏడ్చింది. ఇంకో నిమిషం తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. జాబులు రాసే స్నేహితుడు వేరే ఊరికి పోయాడని ఐలయ్య చెప్పినట్టున్నాడు, "మరి ఇంకో సోపతిగాన్ని దేవులాడుకోవద్దా?" అని అరిచింది. ఆ తర్వాత చాలాసేపు వింది. మల్లేశం ఉండబట్టలేకపోయాడు.

"ఏమంటాండు?"

ఆమె ఫోను మీద చేయి అడ్డం పెట్టింది. మొహం ఎర్రబడింది. "బర్రె పాలు మంచిగిత్తాందా, సూడిదా, దాన ఏం పెడ్తానవ్ అని అడుగుతాండు అన్నా. నేను గింత ఏడ్సుకుంట సత్తాంటే బర్రె సంగతి అడుగుతాండు."

మల్లేశం నవ్వడం నేను చూసింది అప్పుడే.

"ఆడ ఇంకో సంసారం పెట్టినోనికి ఈడి బర్రె మీద పానం ఎందుకుంటది?" అన్నాడు. అరుగు మీదికి పోయి, చెల్లెలి రేకు పెట్టె ఎత్తి భుజాన పెట్టుకుని, తిన్నగా వెనకింటికి తీసుకుపోయి దింపాడు. కొమురమ్మ కిటికీలోంచి అది చూసింది. గొంతు మార్చి, "తిన్నవా?" అంది ఫోనులో.

మూడు నిమిషాలు ఎప్పుడు అయిపోయాయో ఆ రోజు ఎక్స్ఛేంజిలో ఎవరూ గడియారం చూడలేదు. రంగారావు గారికి మర్నాడు పొద్దున పాలు వచ్చాయి.

కారణం అనే గడి

ప్రతి రిపేరుకూ ఒక కాగితం రాయాలి. అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. మామూలుగా అక్కడ గాలి, వాన, కోతులు రాస్తాం. యాకూబ్ భాయ్ పక్కన కూర్చుని నా కలం వైపే చూస్తున్నాడు. 'ఎర్త్ దగ్గరి బర్రెను విప్పించినందువల్ల. విప్పించినది నేను' అని రాశాను.

జేఈ గారు నన్ను పిలిపించారు. కాగితం రెండుసార్లు చదివారు. బర్రె అనే మాట ఆ గడిలో ఇంతవరకూ ఎవరూ రాయలేదన్నారు. తిట్టారు. తిట్టి, కాగితం మడిచి, "రూల్ ప్రకారం అక్కడ బర్రె ఉండకూడదు. నేను వచ్చే రోజు లేకుండా చూసుకో" అన్నారు. నాకు ఇచ్చిన మెచ్చుకోలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. మా ఆఫీసులో కాగితం మీద ఎక్కింది దిగడం కష్టం.

ఆ కాగితం సంగతి ఎక్స్ఛేంజి అంతా పాకింది. అప్పటి నుంచి ఏ లైను పడిపోయినా, కబురు తెచ్చినవాడు "ఎవరూ ఏం ముట్టుకోలేదట" అనగానే, ఎవరో ఒకరు "బర్రెను ఎవలు విప్పిండ్రు?" అనేవారు. నేను రిటైరయ్యేదాకా అన్నారు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత్తర్వాత నేనే ముందు అడిగేవాణ్ణి. చూడటానికి రోతగా ఉందనీ, ఎందుకూ పనికిరాదనీ మనం తీసిపారేసిన దాని మీదే ఒక్కోసారి పని మొత్తం నిలబడి ఉంటుంది. తీసేముందు అది అక్కడ ఏం చేస్తోందో ఒక పూట కూర్చుని చూడాలి. నేను చూడలేదు. చూసి ఉంటే ఒకామె రెండు శుక్రవారాలు ఏడ్చేది కాదు.

ఐలయ్య ఆ వానాకాలం ఊరికి వచ్చాడు. బస్సు దిగి ముందు పోస్టాఫీసు వెనక్కి పోయి బర్రె వీపు నిమిరాడట. "సూసిండ్రా సారూ, ముందుగాల దాని దగ్గరికే" అని కొమురమ్మ నాకు ఫిర్యాదు చేసింది. నవ్వుతూనే చేసింది.

ఇదంతా మెట్ల మీద కూర్చుని శ్రావణికి చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు. చివరి మాట అయ్యీకాకముందే లేచి పైకి పోయింది. ముసలాడి సోది భరించలేక పోయిందనుకున్నాను. రెండు గంటల తర్వాత కిందికి వచ్చి నా ఎదురుగా నిలబడింది. సోమవారం నాడు సర్వర్‌కు పోయే పాత అడ్రసు ఒకటి కనిపిస్తే, ఎవరూ వాడటం లేదనుకుని, చెత్త ఎందుకని తుడిచేసిందట. ఊళ్ళలో ఉన్న పాత ఫోన్లన్నీ ఆ అడ్రసు నుంచే పోతున్నాయట. ఆమెది కొత్త ఫోను.

"మళ్ళ పెట్టిన తాతా, అందరికి వస్తాంది" అంది. ల్యాప్‌టాప్ మూసి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"బర్రెను విప్పింది నేనే."